ఆరో నంబరు రూము తాళం

కాజీపల్లిలో కంపెనీల వెనక ఉన్న ఆ రేకుల రూముల లైనుకు ఒక ఆచారం ఉంది. డ్యూటీకి పోయే ఆడవాళ్లు తాళంచెవి వెంట తీసుకుపోరు. మందుల కంపెనీ ప్యాకింగ్‌లో గాజులు, పిన్నీసులు, తాళంచెవులు, ఒంటి మీద ఇనుప ముక్క ఏదున్నా లోపలికి రానివ్వరు. అందుకని లైను మొదట్లో ఉన్న ఫకృన్నీసా కిరాణా కొట్టులో, గోడకు వరసగా కొట్టిన మేకులకు ఎవరి తాళంచెవి వాళ్లు తగిలించి పోతారు. బడి నుంచి పిల్లలు రాగానే ఆమె తాళాలు తీసి, పుస్తకాల సంచులు లోపల పడేయించి, "ఇగ పోండ్రి, ఆడుకోండ్రి" అని తరుముతుంది. పొద్దుగూకేదాకా ఆ పిల్లల గోల భరించడం కూడా ఆమె వ్యాపారంలో భాగమే.

ఆరో నంబరు రూముకు మాత్రం వేరే పద్ధతి. ఆ రూము పిల్ల లోపలికి పోగానే బయటి నుంచి మళ్లీ తాళం పడేది. తల్లి డ్యూటీ దిగి వచ్చేదాకా ఆ తాళం అట్లాగే ఉండేది.

ఆ తల్లి పేరు సునంద. మందుల కంపెనీలో ప్యాకింగ్ పని. భర్త రాంచందర్ ఇంకో కంపెనీలో బాయిలర్ దగ్గర చేస్తాడు. హత్నూర దిక్కు నుంచి బతకడానికి వచ్చినవాళ్లు. పెళ్లయిన చాలా ఏండ్లకు, ఏడుపాయల అమ్మవారికి మొక్కగా మొక్కగా పుట్టిన ఒక్క బిడ్డ. అందుకే ఆ తల్లి పేరే వనదుర్గ అని పెట్టుకున్నారు. పిలిచేది వన అని.

రెండేండ్ల కింద ఆ పిల్లను చూసినవాళ్లకు ఇప్పుడు చూపిస్తే నమ్మరు. పేలాలు వేగినట్టు మాట్లాడేది. నడక అంటే ఏందో తెలియదు, ఎక్కడికైనా ఉరుకుడే. ఉప్పు ప్యాకెట్టు తెమ్మంటే సునంద పొయ్యి మీది గిన్నె దించేలోపు తెచ్చేది. బడిలో ఖోఖో ఆడితే, వెనక నుంచి వీపు తట్టి "ఖో" అనడమే ఆలస్యం, నిప్పు తొక్కినట్టు లేచేది. ఆటల సారు కిష్టప్ప ఆమె ఉన్న జట్టును మిగతా పిల్లలు ఓడించలేరని, అప్పుడప్పుడు కావాలనే పక్కన కూర్చోబెట్టేవాడు. ఆటలోనే కాదు, బయట కూడా ఆ పిల్ల ఎవరి ముందూ తల దించేది కాదు. ఒకసారి రూముల ఓనరు నీళ్ల మోటారు బందు చేస్తే, పెద్దవాళ్లంతా బిందెలు పట్టుకుని గొణుక్కుంటూ నిలబడ్డారు. ఈ పిల్ల ముందుకు పోయి, "కిరాయి తీస్కుంటలేవా తాతా?" అని అడిగేసింది. లైనంతా నవ్వింది. ఓనరు కూడా నవ్వి మోటారు వేశాడు.

అట్లాంటి రోజుల్లో సునంద ఫోనుకు ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. తెల్ల వ్యానులో తిరుగుతున్నారట. పిల్లలకు చాక్లెట్లు ఇచ్చి ఎక్కించుకుపోతున్నారట. పటాన్‌చెరులో ఇద్దరు పోయారట. ఎవరి పిల్లలు, ఏ బస్తీ అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. సునంద గుండె పట్టుకుని విని, తనకు తెలిసిన అందరికీ పంపింది. లైనులో తల్లులందరూ పిల్లల్ని లోపల పెట్టి తాళాలు వేయించారు. కొన్నాళ్లకు పోలీసులు అదంతా ఉత్త పుకారని చెప్పారు. మిగతా తల్లులు తాళాలు తీయించారు. సునంద తీయించలేదు.

ఒక కన్ను కన్నూ కాదు, ఒక బిడ్డ బిడ్డా కాదు అంటారు. ఆ మాట అన్నవాళ్లకేం, అనేసి పోయారు. ఆ ఒక్క కన్నుతోనే బతికే సునందకు రాత్రీపగలూ అదే భయం. ప్యాకింగ్ బెల్టు మీద మాత్రల పట్టీలు కదులుతుంటే ఆమె కళ్ల ముందు తెల్ల వ్యాను కదిలేది. లైను ముందు నుంచి పోయే లారీలు, పక్క లైనులో కొత్తగా దిగిన ఊరూపేరూ తెలియని మొగవాళ్లు, కాలువ పక్కన కుక్కలు, అన్నీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చేవి. తాళం వేసి ఉందని తెలిస్తేనే ఆమె చేతులు ఆడేవి. రాంచందర్‌ను అడిగితే, "మంచిదే గదా, లోపటుంటె సదువుకుంటది" అన్నాడు. బిడ్డ చేతికి ఒక ఫోను ఇచ్చారు. బాత్రూములు లైను చివర్లో ఉంటాయి కాబట్టి మూలకు ఒక బకెట్టు, దాని మీద మూత పెట్టారు. పదేండ్ల పిల్లకు, అన్నం తినే గదిలోనే. ఆ బకెట్టు గురించి ఇంకేం చెప్పను, పెట్టినవాళ్లకు తప్పనిపించలేదు.

మొదట్లో వన తలుపు గుద్దేది. "చాచీ, జెర తియ్యవా, ఒక్క ఆట ఆడి వస్త" అని కిటికీ చువ్వలు పట్టుకుని బతిమాలేది. ఫకృన్నీసాకు ప్రాణం ఉసూరుమనేది. కానీ తాళంచెవి తనది కాదు, పిల్లా తనది కాదు. వానలు పడి వెలిసేసరికి గుద్దడం ఆగింది. బతిమాలడమూ ఆగింది. సునంద దాన్ని బుద్ధి రావడం అనుకుంది.

ఆమె ఒక్కతే కాదు, లైను ఆడవాళ్లూ అట్లాగే అనుకున్నారు. "మీ పిల్ల ఎంత నిమ్మళమే సునందా, ఇంట్ల ఉన్నదో లేదో తెలుస్తలేదు" అనేవాళ్లు. ఉన్నదో లేదో తెలియకపోవడం ఒక పిల్లకు మెప్పు ఎట్లా అయిందో ఆ ఏడుపాయల తల్లికే తెలియాలి. మొక్కై వంగనిది మానై వంగునా అని ఒకామె సామెత కూడా చెప్పింది. సునంద ఆ మాటలకు పొంగిపోయి, తన పిల్లను చూసి నేర్చుకోమని పక్క రూము పిల్లలకు సుద్దులు చెప్పింది.

ఫకృన్నీసా మాత్రం ఊరుకోలేదు. ఒకరోజు తాళంచెవి చేతిలో పెడుతూ అడిగేసింది.

"సునందా, నీ తాళం నేనేస్తున్న రోజూ. నా చెయ్యి గుంజుతున్నది. మేకను గూడ పొద్దంత కట్టేస్తె అరుస్తది. నీ బిడ్డ అరుస్తలేదు. జెర సోంచాయించు."

"ఏం సోంచాయించాలె ఆపా? బయట వదిలేస్తె ఏమన్నయితె నువ్వొస్తవా, సర్కారొస్తదా?"

"వదలకపోతె ఏమయితదో అది గూడ సూడు."

"నీకు నలుగురు పిల్లలు. నాకొక్కతే" అని సునంద విసురుగా పోయింది. ఆ రోజు మళ్లీ ఫకృన్నీసాతో మాట్లాడలేదు. మర్నాడు పొద్దున తాళంచెవి మాత్రం మళ్లీ అదే మేకుకు తగిలించింది.

పిల్లకు ఒళ్లు వచ్చింది. రావడం తప్పేం కాదు, వయసు. కానీ ఆ ఒళ్లు ఎవరిదో మోస్తున్నట్టు నడిచేది. బడికి పోతే గోడ పక్కన పోయేది. చున్నీ రెండు చేతులతో ముందుకు లాక్కునేది. తోటి పిల్లలు ఆమెను పేరు పెట్టి పిలవడం మానేసి "ఆరో నంబరు" అనేవాళ్లు. పిల్లలు దయ్యాల కంటే అన్యాయం, ఎక్కడ తగులుతుందో వెతుక్కుని మరీ కొడతారు. వన తిరిగి ఒక్క మాట అనేది కాదు. ఒకప్పుడు ఓనరును నిలదీసిన నోరు అది.

కిష్టప్ప సారు ఒక సాయంత్రం బండి మీద వచ్చి, కొట్టు దగ్గర సునంద కోసం నిలబడ్డాడు. డ్యూటీ దిగి వస్తున్న సునంద సారును చూసి కొంగు సర్దుకుంది.

"ఏంది సార్, మా పిల్ల ఏమన్న జేసిందా?"

"ఏం జేస్తలేదమ్మా, అదే చెప్తందుకు వచ్చిన." సారు బండి స్టాండు వేశాడు. "ఆటల పీరియడ్ అనంగనె బాత్రూముల దాక్కుంటున్నది. హాజరు పిలిస్తె పలుకుతలేదు. లేచి పాఠం సదువుమంటె చెమటలు. నాకు రాదు సార్ అంటది, ఏది అడిగినా గదే. గీ పిల్లకేనా నేను ఖోఖో నేర్పింది అనిపిస్తున్నది."

"పెద్దమనిషి అయితున్నది గద సార్, సిగ్గు."

"సిగ్గు గాదమ్మా. ఆ పిల్లకు తన కాళ్ల మీద తనకు నమ్మకం పోయింది. ఉరికే పిల్ల ఉరుకుడు బందు జేస్తె ఒక్క కాళ్లే గాదు, నోరు గూడ పడిపోతది. నేను డాక్టర్‌ను గాదు, ఇన్నేండ్ల నుంచి పిల్లలను సూస్తున్న." ఆయన గొంతు తగ్గించాడు. "శనివారం పటాన్‌చెరులో మండలం జట్టుకు సెలక్షన్ ఉన్నది. ఎట్ల ఆడినా సరే, మా బడి టీముల పెట్టుకుంట. తోలుకరా. గెలుస్తదని గాదు. ఒక్కసారి లేచి ఉరికితె సాలు."

సునంద ఏదో గట్టిగా అనబోయింది. కానీ "నోరు గూడ పడిపోతది" అన్న మాట చెవిలో ముల్లులా దిగింది. ఇంటికి పోయి తాళం తీస్తే వన మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. చేతిలో ఫోను కూడా లేదు. ఊరికే కూర్చుంది.

"శనివారం ఆటకు పోదామా బిడ్డా? సార్ పిలిచిండు."

"నాకు రాదమ్మా."

"నీకు రాకపోవుడేందే? నువ్వు లేస్తె ఎవలకు దొరికినవు?"

"నాకేం రాదు."

ఆ మాటలో కోపం లేదు, అలక లేదు. ఆధార్ కార్డు మీద పేరు చదివినట్టు చెప్పింది. సునందకు మొదటిసారి భయం వేసింది. ఇది తెల్ల వ్యాను భయం లాంటిది కాదు. ఆ వ్యాను ఎప్పుడో వచ్చింది, బిడ్డను తీసుకుపోయింది, తానే తలుపు తీసి ఎక్కించింది అనిపించి, డ్యూటీ నుంచి తెచ్చిన అన్నం గిన్నె అట్లాగే పట్టుకుని నిలబడిపోయింది.

శనివారం సునంద డ్యూటీకి నాగా పెట్టింది. వన రానని మొండికేయలేదు. మొండికేసినా బాగుండేది. తయారు కమ్మంటే అయింది, ఆటో ఎక్కమంటే ఎక్కింది. జట్టు బట్టలు బిగుతుగా ఉన్నాయని పైన చున్నీ కప్పుకుంది. ఆటోలో సునంద ఆమె చెయ్యి పట్టుకుంటే అది చల్లగా, చెమటగా ఉంది.

గ్రౌండు నిండా పిల్లలు. సున్నంతో గీతలు గీసి, రెండు కొసలకు స్తంభాలు పాతారు. చున్నీ సారు తీసుకున్నాడు. తరిమే జట్టులో ఎనిమిది మంది వరసగా, ఒకరు ఇటు ఒకరు అటు మొహం పెట్టి గడుల్లో కూర్చున్నారు. తొమ్మిదో పిల్ల తరుముతూ వస్తుంది, అలిసినప్పుడో తిరగాల్సినప్పుడో కూర్చున్నదాని వీపు తట్టి "ఖో" అంటుంది. అప్పుడు కూర్చున్నది లేచి ఉరకాలి, లేపినది ఆమె చోట్లో కూర్చోవాలి. వన నడిమి గడిలో మోకాళ్లు మడిచి కూర్చుంది. సునంద గీత అవతల, కుంకుమ బొట్టు చెమటకు కారుతుంటే, అమ్మవారికి మొక్కుతూ నిలబడింది. "లెవ్వు బిడ్డా, ఒక్కసారి లెవ్వు" అని పెదవులతో అనుకుంటూనే ఉంది.

ఈల ఊదారు. దుమ్ము లేచింది. ఒక పిల్ల సన్నగా, పొడుగు జడతో, తరుముకుంటూ వచ్చి వన వీపు తట్టి "ఖో!" అని అరిచింది.

వన లేవలేదు.

ఆ పిల్ల మళ్లీ తట్టింది. "ఖో! లెవ్వే!" వన రెండు చేతులూ నేలకు ఆనించింది, భుజాలు కదిలాయి. వన లేవబోతున్నట్టే ఉంది. కానీ తల ఎత్తి చుట్టూ చూసింది. అందరూ తననే చూస్తున్నారు. చేతులు మళ్లీ ఒళ్లోకి తీసుకుని, తల మోకాళ్లలో పెట్టుకుంది. "ఆరో నంబరు తాళం రాలే!" అని ఎవరో అరిచారు. నవ్వులు. సారు ఈల ఊది ఆట ఆపి, ఆ అరిచిన పిల్లను తిట్టాడు. ఏం లాభం, మాట గ్రౌండంతా తిరిగిపోయింది. సునంద గీత దాటి పోయి, బిడ్డను చంకల కింద చేతులు పెట్టి లేపింది. చంటిదప్పుడు లేపినట్టే లేపింది. ఇప్పుడు ఆ బరువు ఆమెతో కాలేదు. ఇద్దరూ దుమ్ములో కూలబడ్డారు.

ఇంటికి వచ్చాక రాంచందర్ సంగతి విని, "ఆటల సోకు మనకెందుకు? సదువుకోమను" అన్నాడు. అతను చెడ్డవాడు కాదు, బాయిలర్ వేడికి మాటలు ఇంకిపోయిన మనిషి. సునంద అతని వైపు చూడలేదు. ఆదివారమంతా ఏడ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, కానీ ఆకులైనా పట్టుకోకుండా ఏం చేస్తుంది?

సోమవారం పొద్దున తాళం, తాళంచెవి రెండూ తీసుకుపోయి ఫకృన్నీసా ముందు పెట్టింది.

"ఆపా, ఇగ ఇది నువ్వే ఉంచుకో. అమ్ముకుంటవో పారేస్తవో నీ ఇష్టం. మా రూముకు తాళం లేదు ఇయ్యాల్టి నుంచి. సామాను పోతే పోనియ్యి. పిల్లలు ఆడేటప్పుడు వనను జెర పిలువు."

ఫకృన్నీసా తాళాన్ని గల్లాపెట్టె కింద తోసి, ఆరో నంబరు మేకును పట్టకారుతో పీకేసింది. సునంద ఆ రోజు బెల్టు దగ్గర పట్టీలు ఎన్నో తప్పుగా పెట్టి సూపర్‌వైజర్‌తో తిట్లు తిన్నది. అయినా మనసులో చిన్న ఆశ. తలుపు తీసే ఉంది. సాయంత్రం పిల్లలంతా లైను ముందర ఉరుకుతుంటారు. వాళ్లలో ఒక పిల్ల ఎక్కువుంటుంది. అంతే, అంతకంటే ఆమె ఏమీ అడగలేదు.

డ్యూటీ దిగి ఉరుకులు పరుగుల మీద వచ్చింది. ఎండ ఇంకా పోలేదు. లైను ముందు పిల్లలు గోల గోల చేస్తున్నారు. వాళ్లలో వన లేదు. ఫకృన్నీసా కొట్టు దిగి ఎదురొచ్చింది.

"బడి నుంచి వచ్చింది. తలుపుకు తాళం లేదని సూసి పరేషాన్ అయింది పాపం. 'చాచీ, తాళం ఏది?' అని అడిగింది నన్ను. తియ్యించేసింది మీ అమ్మ, ఇగ ఆడుకో బేటా అన్న. లోపలికి పోయి గొళ్లెం పెట్టుకున్నది. పిల్లలను తోలిన, నేను పిలిచిన, తీస్తలేదు."

సునంద తలుపు తట్టింది. "వనా, నేనే. తియ్యి."

"నువ్వొక్కదానివేనా?"

"ఒక్కదాన్నే బిడ్డా. బయటికి రా. సూడు, అందరాడుతున్నరు."

లోపల మంచం కిర్రుమంది. అడుగులు తలుపు దాకా రాలేదు. సునంద బతిమాలింది, తిట్టింది, ఒట్టు పెట్టింది, అమ్మవారి మీద ఒట్టు పెట్టింది. నుదురు తలుపుకు ఆనించి, అరచేత్తో చెక్క మీద, వీపు మీద తట్టినట్టు తట్టి, "ఖో" అంది. "ఖో, బిడ్డా, ఖో." తలుపు చెక్క మాత్రమే చప్పుడు చేసింది.

అప్పుడు ఆమెకు ఏమైందో ఏమో, చెప్పులు విడిచి, కొంగు నడుముకు చుట్టి, కంపెనీ టోపీ ఇంకా నెత్తి మీద ఉండగానే, లైను ముందర ఉరకడం మొదలుపెట్టింది. పొద్దంతా నిలబడి వాచిన కాళ్లు. పెండ్లయినప్పటి నుంచి ఉరికిన మనిషి కాదు. ఒకటో నంబరు నుంచి చివరి రూము దాకా పోయి, బాత్రూముల గోడ తాకి, మళ్లీ వెనక్కి. ఆరో నంబరు కిటికీ ముందుకు వచ్చినప్పుడల్లా, "నన్ను పట్టు వనా! పట్టు సూద్దాం! నీకు దొరకనే!" అని అరుస్తోంది. పిల్లలు మొదట నోళ్లు తెరిచి చూశారు, తర్వాత నవ్వుతూ వెంటపడ్డారు. ఆడవాళ్లు బిందెలు దించి బయటికి వచ్చారు. పక్క లైను మొగవాళ్లు ఫోన్లు తీశారు. రాంచందర్ అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి, టిఫిన్ సంచి పట్టుకుని, "ఏందే, పిచ్చి లేసిందా?" అన్నాడు. ఫకృన్నీసా అతన్ని చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

సునంద ఆగలేదు. ఊపిరి అందక గొంతు గరగరమంటోంది. చీర కుచ్చెళ్లు కాలికి చుట్టుకుని ఆరో నంబరు ముందరే బోర్లా పడింది. మోకాలు చెక్కుకుపోయింది. పిల్లలు మళ్లీ నవ్వారు. లేవకుండానే తల ఎత్తి చూసింది.

కిటికీ చువ్వల వెనక బిడ్డ మొహం కనిపించింది. రెండు చేతులూ చువ్వలను పట్టుకుని ఉన్నాయి, వెనకటి రోజుల్లో బతిమాలినప్పటి లాగే. సునందకు ప్రాణం లేచి వచ్చింది. "రా బిడ్డా" అని చెయ్యి చాపింది.

తలుపు గొళ్లెం తీసిన చప్పుడైంది. తలుపు మనిషి పట్టేంత మాత్రం తెరుచుకుంది. వన గడప దాటలేదు. తలుపు చాటు నుంచి చెయ్యి ఒక్కటే బయటికి పెట్టి, తల్లి చేతిని పట్టుకుని లోపలికి లాగింది.

"అమ్మా, అందరు సూస్తున్నరు" అంది. "జల్దీ లోపలికి రా. చాచీని తాళం ఎయ్యమను."